స్ప్లెండర్ ఆయిలు సీళ్ళు: ఇంజను దించకుండా, ఇంట్లో ఉన్న సామాన్లతో

శుక్రవారం సాయంత్రం

బండి 2006 హీరో హోండా స్ప్లెండర్. 97.2 సీసీ, నాలుగు గేర్లు. కంపెనీ పేరులోంచి హోండా ఊడిపోకముందుది. బాపు నడిపిన బండి, ఇప్పుడు నా చేతికొచ్చింది. మధ్యలో చానా రోజులు నల్లగొండ పక్క పానగల్లులో మా ఇంటెనక రేకుల కింద కదలకుండా నిలబడ్డది. ఇప్పుడు సైడ్ స్టాండేసి పెడితే తెల్లారేసరికి ఎడమ పక్క గచ్చు మీద నూనె మరక. చైన్ కవరు కింద, గేరు లీవరు చుట్టూ నల్లటి జిడ్డు, దాని మీద ఎర్రమట్టి దుమ్ము పేరుకొని గట్టిపడ్డది.

ఒక మెకానిక్‌కు చూపిస్తే, "సీళ్ళు పోయినయ్ అన్నా, ఇంజను దించాలె" అన్నాడు. సీలంటే తిరిగే రాడ్ (షాఫ్టు) చుట్టూ నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు. ఇంజను దించేంత పనేం కాదిది. ఈ బండిలో ముందు స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ళ చక్రం) వెనక సీలు, గేరు రాడ్ సీలు, కిక్ రాడ్ సీలు, మూడూ బయటి నుంచే ఊడొస్తాయి, బయటి నుంచే కూర్చుంటాయి. అయితే అసలు కారేది వాటి నుంచేనా అన్నది ముందు తేలాలి. జిడ్డు పట్టిన ఇంజనును చూసి ఏ సీలు పోయిందో చెప్పేవాళ్ళు ఊహించి చెప్తున్నట్టే. ఇంజను పైనుండే ట్యాపెట్ మూతల ఓ-రింగు (రబ్బరు రింగు) వదులై పై నుంచి కారిన నూనె కూడా సిలిండరు రెక్కల మీదుగా జారి కిందికే వస్తుంది. గాలికి వెనక్కి కొట్టుకొస్తుంది. చూడ్డానికి మాత్రం చైన్ సీలు పోయినట్టే ఉంటది.

కిరోసిన్ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది గనక. లీటరు డీజిల్ తెచ్చి, పాత టూత్ బ్రష్, గోడలకు వేసే అంగుళం బ్రష్ పెట్టి ఎడమ పక్కంతా రుద్దాను. జిడ్డు కరిగాక సర్ఫు నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, గాలికి ఆరబెట్టాను. బాగా ఆరాక క్యారంబోర్డు పౌడరు తీసుకొని అనుమానం ఉన్న ప్రతి చోటా చల్లాను. సిలిండరు కింద అతుకు, మాగ్నెట్ (కరెంటు పుట్టించే అయస్కాంత చక్రం) కవరు అంచు, గేరు రాడ్ చుట్టూ, స్ప్రాకెట్ వెనక, డ్రెయిన్ బోల్టు దగ్గర. ఇక దేవరకొండ రోడ్డు మీద ఇంజను బాగా వేడెక్కేదాకా నడిపి తెచ్చి, సైడ్ స్టాండేసి వదిలేశాను.

శుక్రవారం రాత్రి

టార్చి పెట్టి చూస్తే లెక్క తేలింది. పైన సిలిండరు పొడి. మాగ్నెట్ కవరు అంచు పొడి. గేరు రాడ్ చుట్టూ పౌడరు ముద్దయింది. స్ప్రాకెట్ వెనక నుంచి కిందికి సన్నటి తడి గీత. కుడి పక్క కిక్ రాడ్ దగ్గర కూడా కొద్దిగా చెమ్మ. తడి ఎప్పుడూ కిందికి, వెనక్కి పోతుంది గనక తడిసిన వాటిల్లో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న చోటునే పట్టుకోవాలి. అక్కడే మొదలు.

శనివారం పొద్దున

ఎట్లాగూ నూనె మార్చే టైమే, అందుకని 17 పానాతో డ్రెయిన్ బోల్టు విప్పి పాత నూనె తీసేశాను. మార్చే టైము కాకపోతే ఇది అక్కర్లేదు. బండిని కుడి వైపు కొంచెం వంచి గోడకు ఆనిస్తే ఎడమ సీళ్ళ దాకా నూనె రాదు.

గేరు లీవరుకు 10 పానా బోల్టు. దాన్ని వదులు చేయడం కాదు, మొత్తం బయటికి తీస్తేనే లీవరు జారుతుంది. తర్వాత స్ప్రాకెట్ కవరు. కవరు లోపల వేళ్ళతో తీయాల్సినంత మడ్డి, చైన్‌కు పూసిన గ్రీజూ దుమ్మూ కలిసి గట్టిపడ్డది. వెనక చక్రం యాక్సిల్ నట్టు వదులు చేసి, చైన్‌ను వదులుగా తెచ్చుకొని, లాకు తీసి పక్కకు పెట్టాను. ముందు స్ప్రాకెట్‌ను పట్టుకునేది చిన్న రేకు ప్లేటు, రెండు బోల్టులు. బోల్టులు తీసి ప్లేటును కొంచెం తిప్పితే షాఫ్టు పళ్ళలోంచి జారి వచ్చేస్తుంది. దీనికి పెద్ద పానాలు, ఊడని నట్లు ఏమీ లేవు. హోండా చిన్న ఇంజన్ల మీద నాకున్న ఇష్టానికి ఇట్లాంటివే కారణాలు.

స్ప్రాకెట్ తీశాక కనిపించింది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందెవరో మహానుభావుడు సీలు మార్చకుండా దాని ముఖం మీద నల్ల సిలికాన్ గట్టిగా పూసి వదిలాడు. తిరిగే షాఫ్టుకూ తిరగని సీలుకూ మధ్య సిలికాన్ ఎన్నాళ్ళు నిలుస్తుంది? అది ముక్కలై ఊడి, మిగిలింది సీలు పెదవి కిందికి పోయి షాఫ్టును గీకుతూ కూర్చుంది.

తీసే ముందు లోతు కొలవాలి. సీలు ముఖం కేసు అంచుకు సమంగా ఉందా, లోపలికి ఉందా, ఉంటే ఎంత? వెర్నియర్ (మిల్లీమీటర్లు కొలిచే పనిముట్టు) వెనక పుల్లతో కొలిచి గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్నాను. వెర్నియర్ లేకపోతే అగ్గిపుల్ల నిలబెట్టి గోటితో గుర్తు పెట్టుకున్నా చాలు. ఈ లెక్క తర్వాత రెండు సార్లు పనికొస్తుంది.

సీలు ఊడదీయడానికి దుకాణాల్లో కొక్కెం లాంటి పనిముట్టు అమ్ముతారు. నా దగ్గర లేదు. సీలు ముఖం వెనక రేకు రింగు ఉంటుంది. షాఫ్టుకూ బయటి అంచుకూ సరిగ్గా మధ్యలో రెండు మిల్లీమీటర్ల బిట్‌తో, ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు. బిట్‌కు గ్రీజు పూస్తే రజను దానికే అంటుకుంటుంది, లోపల పడదు. బిట్ మీద టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోవడం మరవొద్దు, ఎందుకంటే సీలు వెనకే బేరింగు. రేకు దాటిన చప్పుడు చేతికి తెలుస్తుంది, అక్కడ ఆపాలి. ఆ రంధ్రాల్లో పొట్టి రేకు స్క్రూలు రెండు చుట్లు ఎక్కించి, పక్కడ్ (ప్లయర్)తో ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగితే సీలు కేసులోంచి మెల్లగా బయటికొచ్చింది. పేచ్‌కస్సు (స్క్రూడ్రైవరు) దూర్చి ఎత్తితే ఇంతకన్నా త్వరగానే వస్తుంది గానీ, కేసు అల్యూమినియం. పేచ్‌కస్సు ఆనిన చోట గీత పడుతుంది, కొత్త సీలు ఎంత బాగా కూర్చున్నా ఆ గీతలోంచి నూనె కారుతుంది.

గేరు రాడ్ సీలు మరీ చిన్నది, ముఖం మీద రెండు రంధ్రాలకు చోటు లేదు. ఒక్క రంధ్రం, ఒక్క స్క్రూ, లాగేటప్పుడు రాడ్‌ను అటూ ఇటూ తిప్పుతూ. వచ్చేసింది.

శనివారం మధ్యాహ్నం

ఎండకు బయట పని చేసే వీల్లేదు, నీడన కూర్చొని పాత సీలును కోసి చూశాను. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: సీలంటే రేకు రింగుకు అతికించిన రబ్బరు. లోపలి పెదవి షాఫ్టు కన్నా కొంచెం బిగువుగా ఉంటుంది, దాని వెనక సన్నటి స్ప్రింగు చుట్టి ఆ పెదవిని షాఫ్టు మీదికి నొక్కుతుంటుంది. కొత్త సీలులో పెదవి అంచు పదునుగా, గీతలా ఉంటుంది. దీంట్లో అది అరిగి, మెరిసే వెడల్పాటి పట్టీ అయింది. వంచితే రబ్బరు పలుకులుగా పగిలింది. ఇవి మామూలుగా నైట్రైల్ రబ్బరువి, నూరు డిగ్రీల దగ్గర ఏళ్ళ తరబడి ఉడికితే గట్టిపడక తప్పదు. మా నల్లగొండ ఎండాకాలం సంగతి సరేసరి.

షాఫ్టు మీద కూడా పెదవి ఆనిన చోట సన్నటి మెరుపు గీత. గోరు పెట్టి షాఫ్టు పొడవునా లాగితే గోరు గీతలో ఆగలేదు. ఆగితే ఆలోచించాలి. అట్లాంటప్పుడు కొత్త సీలును పాత లోతు కన్నా మిల్లీమీటరు బయటికి ఆపితే పెదవి అరగని చోట కూర్చుంటుంది. నాకా అవసరం రాలేదు.

ఇంతలో మా కాక వచ్చాడు. కరెంటు సరిగ్గా లేని రోజుల్లో బత్తాయి తోటలకు డీజిల్ ఇంజన్లు నడిపిన మనిషి, ఇంజను చప్పుడు విని జబ్బు చెప్తాడు. విప్పిన సీళ్ళు చూసి అడిగాడు:

"మూడు సీళ్ళూ ఒక్కపాలే ఎట్ల పోతయిర? బ్రీదర్ పైపు సూసినవా?"

"పాతవి గదా కాక, అన్నీ ముసలివైనయ్."

"ముసలివైతే అయినయ్ తియ్. దానికి ఊపిరాడుతుందో లేదో ముందు సూడు. లోపట గాలి బయటికి పోకుంటే సీలు మీదికెళ్ళే తోసుకొస్తది."

చూశాను. ఇంజను లోపల పిస్టను పక్కల నుంచి జారే గాలిని బయటికి వదిలే రబ్బరు పైపు అది. కొసన మట్టి. బండి నిలబడ్డ రోజుల్లో కందిరీగ ఆ పైపులో గూడు కట్టి, శుభ్రంగా మూత పెట్టి పోయింది. సైకిలు పుల్లతో పొడిస్తే ఎండిన మట్టి, దాంట్లోంచి పురుగు పెంకులు రాలినయ్. పైపు మొత్తం ఊడదీసి నీళ్ళతో కడిగి, నోటితో ఊది గాలి పోతుందని చూసుకొని బిగించాను. ఇది చూడకుండా కొత్త సీళ్ళు వేసి ఉంటే అవీ కొన్నాళ్ళకు చెమర్చేవే. సీలు మార్చే వాళ్ళెవరైనా ముందు ఈ పైపు చూడండి. ఖర్చు లేని పని.

శనివారం సాయంత్రం

గడియారం సెంటర్ దగ్గరి స్పేర్ పార్టుల దుకాణానికి పాత సీళ్ళు జేబులో వేసుకొని పోయాను. బండి పేరు చెప్పి అడిగితే కౌంటర్ మీద ఏది దగ్గరుంటే అది ఇస్తారు. సీలు ముఖం మీద మూడంకెలు అచ్చు వేసి ఉంటాయి: లోపలి కొలత, బయటి కొలత, మందం, మిల్లీమీటర్లలో. 20 34 7 అని ఉంటే 20 మి.మీ. షాఫ్టుకు, 34 మి.మీ. రంధ్రానికి, 7 మి.మీ. మందం అన్నట్టు. ఆ అంకెలు చదివి అడగాలి.

మొదట ఇచ్చిన గేరు రాడ్ సీలు కొలతకు సరిపోయింది గానీ ఎన్నేళ్ళ నుంచి అరలో పడి ఉందో, వేళ్ళతో నొక్కితే పెదవి కదల్లేదు. "ఇంకోటి చూపియ్ అన్నా" అంటే మొహం మాడ్చుకొనే అయినా ఇంకో డబ్బా తీశాడు. మెత్తగా వంగి, వదిలితే వెంటనే తిరిగొచ్చే పెదవి ఉన్నదాన్నే తీసుకున్నాను. వెనక స్ప్రింగు చుట్టూ వేలు తిప్పి గాడిలో సరిగ్గా ఉందా చూసుకున్నాను. మూడు సీళ్ళ ధర కలిపినా కొత్త నూనె డబ్బా ధరకు చాలా దూరం.

ఆదివారం పొద్దున, ఎండ ఎక్కకముందే

ఈ డైరీలో అసలు పని ఇది. సీలు దెబ్బతో లోపలికి పోదు, సమంగా తోస్తే పోతుంది. దుకాణాల్లో దొరికే సీలు డ్రైవరు చేసే పని కూడా ఇంతే: సీలు బయటి అంచు మీద చుట్టూ ఒకే బరువు పడేట్టు చూడడం. దానికి పీవీసీ పైపు ముక్క చాలు. మా దగ్గర తోటలున్న ప్రతి ఇంట్లో పైపు ముక్కలు కుప్పగా పడి ఉంటాయి. 20, 25, 32 మి.మీ. ముక్కలు ఏరుకొచ్చి వెర్నియర్ పెట్టి చూశాను. బయటి కొలత సీలు కన్నా మిల్లీమీటరో రెండో తక్కువ ఉండాలి, లోపల షాఫ్టు పళ్ళు తగలకుండా దూరాలి. రెండూ కుదిరిన ముక్క పట్టుకున్నాను.

పైపును వంకరగా కోస్తే సీలు వంకరగా దిగుతుంది. సమంగా కోయడానికి చుట్టూ ఒక కాయితం పట్టీ బిగించి, దాని రెండు కొసల అంచులు ఒకదానిమీదొకటి సరిగ్గా కలిసేట్టు చుట్టాలి. ఆ అంచు వెంట పెన్ను తిప్పితే పైపుకు నిటారుగా గీత పడుతుంది. హ్యాక్సా బ్లేడును ఒకే చోట దించకుండా పైపును తిప్పుకుంటూ గీత వెంటే కోశాను. తర్వాత గచ్చు మీద గరుకు కాయితం పరిచి పైపు నిలబెట్టి గుండ్రంగా రుద్దితే అంచు సమం. పైపు బయట స్కెచ్ పెన్నుతో గోడ మీద రాసుకున్న లోతు గుర్తు పెట్టాను.

కేసు రంధ్రాన్ని గుడ్డతో పొడిగా తుడిచాను. అంచున పాత పేచ్‌కస్సు దెబ్బ ఒకటి చిన్న ముళ్ళులా తేలి ఉంది, సన్న గరుకు కాయితంతో దాన్ని మాత్రం నునుపు చేశాను. షాఫ్టు మీది సిలికాన్ గోటితో, గుడ్డతో తీశాను, బ్లేడు తగలనియ్యలేదు.

షాఫ్టు కొసన పళ్ళుంటాయి, ఆ పళ్ళ మీంచి సీలు జారేటప్పుడే పెదవి తెగుతుంది. ఇంట్లో బిగించిన సీళ్ళు మర్నాడే కారడానికి చాలాసార్లు ఇదే కారణం. పాల ప్యాకెట్ కోసి, కడిగి, ఆరబెట్టిన పల్చటి పట్టీని పళ్ళ మీద బిగువుగా చుట్టి, పైన గ్రీజు పూశాను. టేపు కన్నా ఇదే మేలు, జిగురు మిగలదు. సీలు పెదవికి గ్రీజు, పెదవి వెనక స్ప్రింగు గాడిలో కూడా గ్రీజు నింపాను, కొట్టేటప్పుడు స్ప్రింగు ఎగిరి బయటపడకుండా. స్ప్రింగు కనిపించే వైపు ఇంజను లోపలికి, అంటే నూనె వైపు. అంకెలున్న ముఖం బయటికి. తిరగేసి వేస్తే నూనెను ఆపాల్సింది పోయి బయటికి దారిస్తుంది.

సీలును ఫ్రిజ్‌లో పెట్టాలని, కేసును వేడి చేయాలని చాలామంది చెప్తారు. లెక్క వేసి చూశాను. 30 మి.మీ. అల్యూమినియం రంధ్రం 30 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 0.02 మి.మీ. సీలు బిగువు సుమారు 0.1 నుంచి 0.2 మి.మీ. ఉంటుంది. ఆ వేడి ఏ మూలకూ రాదు. ఇక ఫ్రిజ్‌లో పెడితే రబ్బరు గట్టిపడుతుంది, అదే మనకు వద్దు. రెండూ మానేశాను.

ప్యాకెట్ మీంచి సీలును జార్చి, ప్యాకెట్ మెల్లగా బయటికి లాగేశాను. బొటనవేళ్ళతో చుట్టూ నొక్కి, అంచు కేసులో పట్టుకునేట్టు చేశాను. ఇక్కడ తొందరపడితే అంతే, ఒక పక్క దిగి ఇంకో పక్క లేస్తుంది. పైపు ముక్క పెట్టి, పైన చెక్క ముక్క ఆనించి, చిన్న సుత్తితో మెల్లగా తట్టడం. ఒక్కో తట్టుకు పైపు తీసి, టార్చి వేసి, సీలు అంచు చుట్టూ కేసుతో ఎంత తేడా ఉందో చూడడం. ఎటు పక్క ఎక్కువ లేచి ఉంటే ఆ పక్క చెక్కను ఆనించి తట్టాను. చప్పుడు మారుతుంది. సీలు జారేటప్పుడు మెత్తటి చప్పుడు, లోపలి అంచుకు తగిలితే గట్టి చప్పుడు. పైపు మీది గుర్తు కేసు అంచుకు కలిసిన చోట ఆపేశాను. గోటితో చుట్టూ తడిమితే ఎక్కడా మెట్టు తగల్లేదు.

గేరు రాడ్ సీలుకు పైపు అక్కర్లేదు. బాక్స్ పానాల డబ్బాలో సీలు బయటి కొలతకు సరిపోయే సాకెట్ దొరికింది. రాడ్ దాని లోపలికి పోయేంత లోతున్నదే ఎంచుకోవాలి, లేకపోతే సుత్తి దెబ్బ రాడ్ మీద పడుతుంది. కిక్ రాడ్ సీలుకు కూడా అదే పద్ధతి, కుడి పక్కన కిక్ లీవరు తీసి. దాని గురించి ఇంతకన్నా రాయడానికేం లేదు, అన్నిట్లోకీ తేలికైంది అదే.

ఆదివారం, టిఫిన్ అయినాక

ఎడమ పక్క ఇంకో సీలుంది, మాగ్నెట్ ప్లేటుది. ఎట్లాగూ విప్పి ఉన్నప్పుడే అదీ మారుద్దామా అన్న ఆలోచన వచ్చి కవరు విప్పి చూశాను. లోపల పొడి, తుప్పు రంగు దుమ్మే తప్ప నూనె జాడ లేదు. మూసేశాను. ఆ సీలు దాకా పోవాలంటే మాగ్నెట్ చక్రం ఊడదీయాలి, దానికి పుల్లరు (చక్రాన్ని లాగి తీసే పనిముట్టు) కావాలి. ఇంట్లో సామాన్లతో పని చేయడం మీద నాకెంత పట్టుదల ఉన్నా ఇది మాత్రం పుల్లరు లేకుండా ముట్టుకోను. సుత్తితో చక్రం అంచు మీద కొట్టి తీసేవాళ్ళను చూశాను. లోపల అతికించిన అయస్కాంతాలు ఊడతాయి, క్రాంకు వంకర పోవచ్చు. పుల్లరు ఏమంత ఖరీదు కాదు, తెలిసిన మెకానిక్ ఉంటే అద్దెకైనా ఇస్తాడు.

స్ప్రాకెట్, ప్లేటు, రెండు బోల్టులు, చైన్ బిగించాను. చైన్ లాకు మూసి ఉన్న కొస చైన్ తిరిగే వైపు ఉండాలి. చైన్ బిగువు బండితో వచ్చిన పుస్తకంలో ఉన్నంతే పెట్టాను. ఇది సీళ్ళ సంగతే: చైన్ మరీ బిగిస్తే షాఫ్టును ఎప్పుడూ వెనక్కి గుంజుతుంటుంది, ముందు బేరింగు, దాని వెంట సీలు అరుగుతాయి. పాత చైన్ ఎట్లా ఉందో గుర్తుంది, వేలితో ఎత్తితే లేవలేదు.

10డబ్ల్యూ30 నూనె పోశాను. స్ప్లెండర్ డిప్‌స్టిక్‌ను (నూనె మట్టం చూసే పుల్ల) చూసేటప్పుడు మర బిగించకూడదు, ఊరికే ఆనించి తీయాలి. బిగించి చూస్తే పుల్ల ఇంకా లోపలికి మునిగి, తక్కువున్న నూనె కూడా సరిపోయినట్టే కనిపిస్తుంది. అట్లని నూనె ఎక్కువైనా సీళ్ళ మీద ఒత్తిడే. స్టార్ట్ చేసి కొంచెంసేపు ఆగనిచ్చి, ఆపి, మళ్ళీ చూసుకొని పైగీత కన్నా కొంచెం కిందికి ఉంచాను.

ఆదివారం రాత్రి

మళ్ళీ పౌడరు. మళ్ళీ దేవరకొండ రోడ్డు, ఈసారి ఇంకొంచెం దూరం, మూడో గేర్లో కావాలనే ఇంజనును ఏడిపిస్తూ. తిరిగొచ్చి సైడ్ స్టాండేసి, కింద పాత కాయితం పరిచాను. స్ప్రాకెట్ వెనక పౌడరు తెల్లగా ఉంది. కిక్ రాడ్ దగ్గర తెల్లగా ఉంది. గేరు రాడ్ దగ్గర సన్నటి తడి వలయం కనబడితే గుండె ఆగినంత పనైంది గానీ, వేలితో తీసి చూస్తే గ్రీజు. పెదవికి నేను పూసిందే, వేడికి కరిగి బయటికి వచ్చింది. తుడిచి మళ్ళీ పౌడరు చల్లాను.

సోమవారం పొద్దున

కాయితం పొడి. గేరు రాడ్ దగ్గర కూడా పొడి. కాక వచ్చి వంగి చూసి, మాగ్నెట్ కవరు కింది బోల్టు ఒకటి తలకాయ అరిగిందని పట్టుకున్నాడు. ఈ వారంలో అది మార్చాలి. బ్రీదర్ పైపు కొసకు దోమతెర ముక్క చుట్టి తీగతో కట్టాను, గాలి పోతుంది, కందిరీగ దూరదు. నూనె మట్టం వారం తర్వాత ఒకసారి, చైన్ బిగువు దాంతో పాటే చూసి ఇక్కడ రాస్తాను.